ఊదా గీత

తిరుపతిలోని ఆ కాలేజీ ల్యాబులో స్పెక్ట్రోమీటరు తిప్పినవాళ్ల కన్నా సీనియర్ల రికార్డు తిరగేసి అంకెలు దింపేసినవాళ్లే ఎక్కువ. వాళ్లను పట్టుకోవడం ఫిజిక్సు లెక్చరర్ ముకుందానికి వెన్నతో పెట్టిన విద్య. పట్టీ పట్టీ చివరికి ఆయనకు అందరూ దొంగల్లాగే కనబడసాగారు. పచ్చకామెర్లవాడి సామెత ఊరికే పుట్టిందా!

ప్రాక్టికల్ పరీక్షనాడు పాదరసం దీపం వెలిగించారు. దాని వెలుగు స్పెక్ట్రోమీటరులో రంగురంగుల గీతలుగా విడిపోతుంది; ఒక్కో గీత కోణం కొలిచి రాయాలి. ఊళ్లోనే పరుపులు కుట్టే నవాబ్ కూతురు అఖ్సా పసుపు, పచ్చ, నీలంతో పాటు చివరన ఊదా గీత కూడా రాసింది. ముకుందం ఆ పరికరం టెలిస్కోపుకు కన్ను ఆనించి చూశాడు. నీలానికి అవతల అంతా చీకటే.

"యాడుండాదమ్మా ఊదా?"

"ఆడే ఉండాది సార్. సన్నంగా."

"నాకు కనపడంది నీకెట్ల కనపడె? పాత రికార్డు చూసి దించినావు."

అఖ్సా ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు. నవాబ్‌ను పిలిపించాడు. తప్పు ఒప్పుకుంటే పాస్ చేస్తాను, లేదంటే ఏడాది పోతుందన్నాడు. పిచ్చిపిల్ల, చేయని తప్పు నెత్తిన వేసుకుంది. "రికార్డు చూసే రాసినాను సార్" అంది తలవంచుకుని. ముకుందం అన్నమాట ప్రకారం మార్కులు వేశాడు. నవాబే, "దొంగ చదువు మనకొద్దు" అని కూతుర్ని కాలేజీ మాన్పించేశాడు.

ఎండాకాలంలో ముకుందానికి కుడికంట్లో శుక్లం తీశారు. కాలేజీ తెరిచాక కొత్త పిల్లల కోసం దీపం సరిచూస్తున్నాడు. నీలానికి అవతల, అఖ్సా చెప్పినచోటే, ఊదా గీత. ఇంకా ఆపరేషను కాని ఎడమకన్ను ఆనించాడు. చీకటి. మళ్లీ కుడికన్ను. ఉంది. కంట్లో పొర ఆ వెలుగును మింగేస్తూ వచ్చిందన్నమాట.

సాయంత్రం నవాబ్ కొట్టుకు పోయాడు. అఖ్సా ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుపులో దూది కూరుతోంది.

"తప్పు నాదే నవాబూ. నా కంటికే ఆనలేదు. నీ బిడ్డ చూసిందే రాసింది. కాలేజీకి పంపించప్పా."

నవాబ్ చేతిలో సూది ఆగింది. కూతురి వైపు తిరిగాడు. "మరి ఆ పొద్దు ఎందుకు ఒప్పుకుంటివి?"

"ఏడాది పోతాదని. ఇంటికొచ్చినాక నీకు నిజం చెప్తినే నాయనా. సారూ నమ్మలే, నువ్వూ నమ్మలే."

"రేపట్నించి పోమ్మా" అన్నాడు నవాబ్.

"వద్దులే నాయనా. ఆ గీత మళ్లా కనపడినా, ఇంగ నా కండ్లను నేనే నమ్మను."

అని, అఖ్సా వంగి ఇంకో గుప్పెడు దూది తీసుకుంది.