బ్యారెల్ మీద ఉన్న పేరు

అన్న ఆన్సెల్ కోసం కోరిన్ తుపాకీ కట్టిస్తానన్న రోజు నుంచీ తండ్రి వెర్లిన్‌ది ఒకటే నస. "ఆ పాత బ్యారెల్ జోలికి పోకు. కొత్తది కొను, డబ్బు నేనిస్తా."

ఊళ్ళోకి వెళ్తే కాఫీ కొనాల్సొస్తుందని ఇంటి నుంచి ఫ్లాస్కు మోసుకెళ్ళే మనిషి! మొంటానా చలికి పెద్దాయన మెత్తబడ్డాడు కాబోలని కోరిన్ నవ్వుకుంది.

ఆన్సెల్ తుపాకీ ముట్టి ఇరవై ఏళ్ళయింది. పదహారేళ్ళప్పుడు తండ్రి తుపాకీకని నేలమాళిగలో తనే మందు కూరి తూటాలు చేశాడు. మొదటిది పేల్చగానే మంట వెనక్కి చిమ్మి కుడికన్ను పోయింది. "మందు దట్టించేశాడు, తొందరపాటు వెధవ" అన్నాడు వెర్లిన్. ఊరంతా నమ్మింది, పాపం ఆన్సెల్ కూడా నమ్మాడు. అప్పట్నుంచీ తండ్రి ముందు తలెత్తి మాట్లాడలేదు. ఈ ఏడు మాత్రం జింకల వేటకి తండ్రితో వస్తానన్నాడు. వాళ్ళిద్దర్నీ కలపడానికి ఇంతకన్నా మంచి అదను మళ్ళీ రాదని కోరిన్‌కి తెలుసు.

అందుకే తుపాకులు చేసే డెల్ కొట్లో పొద్దుట్నుంచీ తిష్ఠ వేసింది. అన్న ఇక ఎడమ కంటితోనే గురి చూడాలి, అందుకు ఎడమ చేతివాటం బోల్టు దొరికింది. చెంప ఆనే ఉబ్బు కుడివైపున్న వాల్‌నట్ కర్ర మడమ కూడా కుదిరింది.

"అన్నీ బానే ఉన్నాయిగానీ అమ్మాయ్, రాబర్ట్స్ రకం తూటా ఏంటి?" అన్నాడు డెల్. "ఈ రోజుల్లో అదెవడు వాడతాడు? నాకు రెండో పెళ్ళాం దొరికింది గానీ ఆ తూటాలు దొరకట్లేదు."

"అన్నకి అదంటేనే ఇష్టం. ఇదిగో, నాన్న పాత తుపాకీ బ్యారెలే బిగించు. తప్పు దీనిది కాదుగా."

బ్యారెల్ మీద 'రాబర్ట్స్' అని అచ్చు స్పష్టంగానే ఉంది. అయినా డెల్ ఏ పాత బ్యారెల్‌నీ పేరు చూసి నమ్మడు. తూటా కూర్చునే గదిలోకి కరిగిన మెత్తని లోహం పోశాడు. చల్లారాక తట్టి బయటికి తీసి కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. ఆ తర్వాత అతను వేళాకోళం ఆడలేదు.

ఆ పోత పక్కన ఒక రాబర్ట్స్ తూటా నిలబెట్టాడు. పోత దానికన్నా చిటికెన వేలి గోరంత ఎక్కువ పొడుగుంది.

"ఎవరో పెద్ద తూటా కోసం గది తొలిచారు. పేరు మాత్రం మార్చలేదు. తొలిచినవాడు కొత్త పేరు కొట్టకుండా బ్యారెల్‌ని చేతిలోంచి దించకూడదమ్మా."

"దించితే?"

"పేరు చూసి రాబర్ట్స్ వేస్తే, వదులు గదిలో తూటా చీలి, వేసినవాడి మొహాన పేలుతుంది. మందు ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలిచినా సరే."

చిన్న త్రాసు మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, పలుకు పలుకూ తూచిన అన్న కోరిన్ కళ్ళముందు మెదిలాడు. అప్పుడతనికి రెండు కళ్ళూ ఉన్నాయి.

"ఎవరు తొలిచారు, డెల్?"

డెల్ ఆమె వైపు చూడలేదు. "మీ అన్న కన్ను పోయిన ఆ చలికాలం నా దగ్గర తొలిచే పనిముట్టు అరువు తీసుకెళ్ళింది ఒక్కడే. ఏదో తుక్కు బ్యారెల్ మీద సరదాకన్నాడు. నేనూ నమ్మాను."

తలుపు తోసుకుని, చంకలో ఫ్లాస్కుతో వెర్లిన్ వచ్చాడు. బల్ల మీద పోత చూశాడు. మొహం పాలిపోయింది.

"చెప్పానుగా," అన్నాడు, "కొత్తది కొనమని."

"నీకు తెలుసా?"

"ఆసుపత్రిలో కూర్చున్నప్పుడే తట్టింది. పేరు కొట్టడం మర్చిపోయాను, కోరిన్. వాడికి నయమయ్యాక చెబుదాం అనుకున్నా. ఆ తర్వాత... నోరు రాలేదు."

"వాడు నిన్ను చూసి తలదించుకుంటుంటే హాయిగా అన్నం తిన్నావా నాన్నా!"

కోరిన్ ఫోన్ తీసి, ఆన్సెల్ నంబరు నొక్కి, గట్టిగా వినబడేలా బల్ల మీద పోత పక్కన పెట్టింది. "నువ్వే చెప్పు."

రెండు సార్లు మోగింది.

"ఆన్సెల్," అన్నాడు వెర్లిన్.

అవతల నుంచి నలభైకి దగ్గరపడిన మనిషి, చిన్నపిల్లాడిలా బెదురుతూ అడిగాడు.

"చెప్పు నాన్నా. ఈసారి నేనేం తప్పు చేశాను?"