లైట్ బ్లాక్

దారపు పోగుని బొటనవేలి గోటితో సాగదీసి, జిగురు బొట్టు మీద అంటించి, మూడు లెక్కపెట్టేదాకా షేడక్క వేలు తీయదు. ఆ తర్వాతే కింద పేరు రాస్తుంది. దారాల కంపెనీలో షేడ్ కార్డులు తయారుచేసే గది అది. ఉత్తరం వైపు కిటికీ, దాని కింద పొడవాటి బల్ల, బల్ల ముందు ఒక పక్కకి ఒరిగిన స్టూలు. ముప్ఫై రెండేళ్లలో ఆ ఒరుగుడికి ఆవిడ నడుమే అలవాటు పడిపోయింది. దర్జీలు చూసి ఎంచుకోడానికి నాలుగు వందల రంగుల పోగులు అంటించే ఆ అట్టల మీద, ఇంగ్లీషు పేర్లన్నీ ఆవిడ చేతిరాతే, అందుకే కంపెనీలో అందరికీ షేడక్క.

చదువు ఏడో తరగతితో ఆగింది. వచ్చిన ఇంగ్లీషంతా రంగులే. కానీ ఏ మాటకి ఏ రంగుతో పొత్తు కుదురుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. లైటు, డార్కు కలుపుగోలు మనుషులు, ఎవరు పిలిచినా వెళ్తాయి. నేవీ మాత్రం బ్లూ ఇంటి గడప దాటదు. బాటిలు గ్రీనుని తప్ప ఇంకో రంగుని కన్నెత్తి చూడదు. కొత్తగా చేరిన ఒకమ్మాయి "బాటిల్ రెడ్" అని రాసినప్పుడు షేడక్క పగలబడి నవ్వి, "ఎవరి మొగుణ్ణి ఎవరికి కట్టబెట్టావే?" అంది. ఆ మాట చెప్పుకుని కంపెనీ వారం రోజులు నవ్వింది.

అలాంటి మనిషి కార్డులోనే మూడు వందల పన్నెండో పోగు కింద "లైట్ బ్లాక్" అని ఉంది.

పదకొండింటికి సూపర్‌వైజరు ఎర్ర పెన్నుతో వచ్చి పక్కన కూర్చుంది. ముప్ఫై ఏళ్ల అమ్మాయి, నెమ్మదస్తురాలు. ఇకనుంచి కార్డుల మీద పేర్లు ప్రెస్సులో అచ్చు వేయిస్తారట. ఈలోగా తప్పులు దిద్దాలి.

"ఇదేంటి షేడక్కా? నలుపుకి లైటేంటి?"

"లైట్ గ్రీనుంది కదమ్మా."

"గ్రీనుకి కుదురుతుంది, బ్లాకుకి కుదరదు. మనం కటిక చీకటి అంటాం. కటిక వెలుగు అంటామా? ఇదీ అంతే. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అది తప్పని షేడక్కకి ఇరవై ఏడేళ్లుగా తెలుసు.

అప్పట్లో ఇంట్లో పిల్లని చూసేవాళ్లు లేక, నాలుగేళ్ల కూతుర్ని ఈ బల్ల కిందే కూర్చోబెట్టుకుని పని చేసుకునేది. ఒకరోజు కొత్తగా వచ్చిన బూడిదరంగు పోగు పట్టుకుని, ఏం పేరు రాయాలో తోచక తల గోక్కుంటుంటే, కింద నుంచి పిల్ల తల బయటికి పెట్టి, "అమ్మా, అది లైట్ బ్లాకు" అంది. లైట్ గ్రీను, లైట్ బ్లూ అని తల్లి గొణుక్కోవడం విని సొంతంగా అల్లుకుంది. షేడక్కకి ముద్దొచ్చి అలాగే రాసేసింది. తర్వాత మార్చొచ్చులే అనుకుంది. ఆ ఏటి వానల్లోనే జ్వరం వచ్చి మూడు రోజుల్లో పిల్ల పోయింది. ఒక్క ఫోటో అయినా తీయించలేదు. ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మాటల్లో లోకంలో నిలిచింది ఈ ఒక్కటే. ఇదీ కొట్టేస్తే ఆ పిల్ల పుట్టిందనడానికి గుర్తేమీ ఉండదు.

ఉన్న సంగతి చెబితే సూపర్‌వైజరు ఉంచేసేదేమో. కానీ ఇన్నేళ్లూ ఎవరి దగ్గరా నోరు విప్పి అనని మాట, ఆ ఎర్ర పెన్ను ముందు గొంతు దాటలేదు.

"చిన్నపిల్ల పెట్టిన పేరు లెండి" అంది.

"అదే అనుకున్నా" అని సూపర్‌వైజరు నవ్వింది. షేడక్క కూడా నవ్వింది.

మధ్యాహ్నం "స్మోక్ గ్రే" అని తన చేత్తోనే రాసింది. ఎంత కడుపు మండినా, ఆ రెండు మాటలకీ జత బాగానే కుదిరిందని ఒప్పుకోక తప్పలేదు. సాయంత్రం చేతులు కడుక్కుని, గేటు దగ్గర వాచ్‌మన్‌తో, "రేపు కాస్త ఆలస్యమవుతుంది, బీపీ మాత్రలు అయిపోయాయి, కొనుక్కుని వస్తా" అని చెప్పి వెళ్లింది.

మర్నాడు పదయినా రాలేదు. పక్కింటావిడ తలుపు తట్టి, పలక్కపోతే నలుగుర్ని పిలిచింది. నిద్రలోనే పోయిందన్నాడు డాక్టరు. కంపెనీకి ఒంటిపూట సెలవిచ్చారు.

అచ్చు కార్డులు దుకాణాలకి వెళ్లిన నెలకి, ఎక్కడో దూరపు ఊరి దర్జీ దగ్గర్నుంచి ఒక చీటీ వచ్చింది. కొలతల పుస్తకంలోంచి చింపిన కాగితం, పెన్సిల్ రాత. "లైట్ బ్లాక్ పన్నెండు రీళ్లు పంపగలరు. కొత్త కార్డులో కనపళ్లేదు. మా నాన్నగారి కాలం నుంచి అదే వాడుతున్నాం."

"ఈ పేరు ఇంకా పోలేదా!" అంది సూపర్‌వైజరు నవ్వుతూ.

రీళ్లు చుట్టే పెద్దాయన చీటీ అందుకుని చదివాడు. "ఇది షేడక్క కూతురు పెట్టిన పేరమ్మా. ఈ బల్ల కిందే ఆడుకునేది, ఆ మాట అన్న రోజు నేనూ ఇక్కడే ఉన్నా. బతికుంటే నీ వయసుండేది."

సూపర్‌వైజరు చీటీ వెనక్కి తీసుకుంది. కళ్లు తుడుచుకుని, పన్నెండు రీళ్లూ తనే ఏరి పెట్టెలో సర్దింది. పెట్టె మీద "లైట్ బ్లాక్" అనే రాసింది.

పెట్టె వెళ్లిపోయింది. చీటీని ఫైల్లో పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. మధ్యకి మడత పడిన ఆ కాగితం ముక్క, పెన్సిల్ అక్షరాలు పైకి కనబడుతూ, కిటికీ వెలుతుర్లో బల్ల మీదే ఉంది.