వాసన చూసే మనిషి

"వాసన చూడ్డం కూడా ఒక పనేనా? కూర్చుని ముక్కు దగ్గర పెట్టుకోవడమేగా!" అని పెళ్లయిన కొత్తలో భర్త నవ్వాడు. ఆ మాట ఆమె మర్చిపోలేదు. మర్చిపోయేంత తీరిక దొరికితేగా!

ఆ ఊరికి అన్నం పెట్టేది కర్బూజాయే. పిల్లల ఫీజులు, లారీల కిస్తీలు, పెళ్లిళ్లు, చివరికి టీ కొట్లో అరువు కూడా కోత మీదే నడుస్తాయి. కోసిన కాయల్లో సగం వీళ్ల పెరటి షెడ్డుకే వస్తాయి. ఆమె గోనెపట్టా పరుచుకుని నేల మీద కూర్చుని, ఒక్కో కాయా ఎత్తి తొడిమ దగ్గర వాసన చూసి మూడు కుప్పలుగా వేస్తుంది. వాసన ఇంకా రానివి దూరం ఊళ్లకు, కాస్త తగిలేవి రేపటి సంతకు, గుప్పుమనేవి జ్యూసు కొట్లకు. గుప్పుమనే కాయ ఒక్కటి దూరం లారీ ఎక్కిందంటే పక్కవాటినీ ముంచుతుంది. ఇల్లు లేవకముందే వంట ముగించుకుని కూర్చుంటే పొద్దు వాలేసరికి మెడ పడిపోయేది. కాయల మీది దుమ్ముకు ముక్కు పగిలి మండేది. భర్త మాత్రం వ్యాపారుల ముందు, "నా చెయ్యి పడ్డ సరుకుకు తిరుగుండదు" అని మీసం దువ్వేవాడు. "ఎండన పడకుండా నీడపట్టున కూర్చునే రాత ఎంతమందికి ఉంటుంది అమ్మాయ్" అనేది అత్తగారు.

పోనీ, అది పని కాదనే అనుకుందాం. చెల్లెలికి ఆపరేషన్ అయితే నాలుగు రోజులు వెళ్లొస్తానంది. "నువ్వెళ్తే కాయలెవరు చూస్తారు?" అన్నారు తల్లీ కొడుకూ ఒక్క గొంతుతో. ఆమె చేసేది పని అని ఆ ఇంటికి గుర్తొచ్చేది సెలవడిగినప్పుడే.

ఈ ఏడు కోత మొదట్లోనే జ్వరం తగిలింది. తగ్గీ తగ్గకముందే లేచి పొయ్యి ముందు నిలబడింది. పాలు అడుగంటుతున్నా కదల్లేదు. "ముక్కు లేదూ నీకు?" అని వరండాలోంచి అరిచింది అత్తగారు.

నిజంగానే లేదు. సబ్బు పీల్చి చూసింది, కాఫీపొడి పీల్చి చూసింది. ఏమీ తెలియలేదు. అన్నం గడ్డి నమిలినట్టుంది. ఆమెకు చచ్చేంత భయం వేసింది. ఆ ఇంట్లో తన అవసరమంతా ఆ ముక్కులోనే ఉంది. అదే పోయిందని తెలిస్తే తనని ఎక్కడ కూర్చోబెడతారు? ఎవరికీ చెప్పకుండా వేళ్లతో నొక్కి చూసి, దేవుడి మీద భారం వేసి కుప్పలు వేసింది.

వేళ్లకు అంత తెలివెక్కడిది? దూరం వెళ్లిన లారీ సగం కుళ్లుతో తిరిగొచ్చింది. భర్త షెడ్డులోకి వచ్చి గోల గోల చేశాడు. "నిద్రపోతూ వేశావా? ఊళ్లో నా పరువేం కాను?"

"జ్వరమొచ్చిన దగ్గర్నుంచి నాకు వాసన తెలియడం లేదండీ" అంది.

అతను నోరు తెరిచాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటాడేమో, తిండి సయిస్తోందా అని అడుగుతాడేమో అని ఆమె చూసింది.

"మరి సీజను సంగతేంటి?" అన్నాడు.

ఆ మాటతో ఆమెలో భయం పోయింది. దాని చోట ఒళ్లంతా అలసట మిగిలింది.

మర్నాటికే పొరుగూరి నుంచి ఇద్దరు మగవాళ్లను పెట్టాడు. జీతం, పూటకోసారి టీ, కూర్చోవడానికి కుర్చీలు. మెడ మీదికి గాలి రావాలని ఫ్యాను కూడా. "ఇదేదో అల్లాటప్పా పని కాదురోయ్, నేర్పు కావాలి" అని వాళ్లకు చెబుతుంటే, టీ అందిస్తున్న ఆమెకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నవ్వి నవ్వి చివరికి ఏడ్చింది. ఇన్నేళ్లు తనొక్కతే చేసింది ఇద్దరి పని!

అయినా అతనికి ఆశ చావలేదు. రోజూ పొద్దున్నే ఓ పండిన కాయ తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టేవాడు. "ఏమైనా తెలుస్తోందా?" ఆమె నిజమే చెప్పేది, లేదని. అతను ఉసూరుమంటూ వెళ్లిపోయేవాడు. ఆమె మధ్యాహ్నాలు నడుం వాల్చడం నేర్చుకుంది. మెడ ఇటూ అటూ తిరగసాగింది. చెల్లెలి దగ్గరికి వెళ్లి వారం ఉండొచ్చింది, ఎవరూ అడ్డం చెప్పలేదు. పనికిరాని మనిషిని ఆపేదెవరు?

ఓ పొద్దున ఎప్పట్లాగే అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి కాయ ముందుకు చాచాడు. ఆమె అలవాటుగా వంగింది. తియ్యటి వాసన గుప్పున తలకెక్కింది. తొడిమ చుట్టూ పచ్చి తీగ వాసన, దాని వెనక తడి మట్టి, అతని చొక్కాకు పట్టిన డీజిలు, పొయ్యి మీద మరుగుతున్న పాలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కాయ దూరానికి పనికిరాదు, ఈ రోజే జ్యూసు కొట్టుకు పోవాలి. అంత స్పష్టంగా తెలిసింది.

"తెలుస్తోందా?" అన్నాడు ఆత్రంగా.

ఆమె తలెత్తింది.

"లేదండీ. ఇక రాదనుకుంటా. వాళ్లిద్దర్నీ ఉంచేసుకోండి."