చారల వెనక నరసక్క

రెండువేల మూడు ప్రాంతంలో ధర్మవరం స్టూడియోలన్నీ పెళ్ళికూతుళ్ళను స్విట్జర్లాండుకు పంపించేవి. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు, బెంగుళూరులో కొన్న బ్యాక్‌గ్రౌండ్ల సీడీ ఒకటి చాలు. లేపాక్షి దాటి ఎరగని పిల్ల మంచుకొండల ముందు, పట్టుచీరలో చెమటలు కక్కుతూ నవ్వేది. జనానికి అదే ముద్దు. శివప్రసాద్ స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు చేసే సుజాతకు మాత్రం ఆ కొండలను చూస్తే ఒళ్ళు మండేది.

"మన పిల్లోళ్ళ వెనకాల మన బట్ట ఉంటే ఏం పోయిందన్నా?" అని ఓనరుతో వాదించి, చారల బ్యాక్‌గ్రౌండ్లు మొదలుపెట్టింది. కంప్యూటర్లో కొత్త ఫైలు తెరిచి రెండు రంగులు పక్కపక్కన నింపేది. వాటి మీద నాయిస్ చల్లి, ఆ చుక్కలను మోషన్ బ్లర్‌తో నిలువునా సాగదీసేది. చుక్కలు దారాలయ్యేవి. ఆ ముక్కనే ప్యాటర్న్‌గా పెట్టుకుని పేజీ నిండా పరిచేది. చూసినవాళ్ళు బాగుందన్నారు గానీ, అవి ప్లాస్టిక్ చాపలా నున్నగా, జీవం లేకుండా ఉన్నాయని ఆమెకే తెలుసు.

అప్పుడు వెనక వీధి నరసక్క గుర్తొచ్చింది. భర్త పోయినా మగ్గం ఆపని మనిషి. ఆఖరి చీర కోశాక మగ్గం మీద నేయడానికి అందని పడుగు పోగుల కొస కొంచెం మిగిలిపోతుంది. సుజాత దాన్ని అడిగి తెచ్చుకుని, స్కానర్ అద్దం మీద పరిచి మూత వేసింది. "పోగులు ఇరుక్కుంటే నీ జీతంలో పట్టుకుంటా" అని శివప్రసాద్ గొణిగాడు. తెర మీద ఎర్ర పోగులు, పచ్చ పోగులు లేచాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, తెగినచోట నరసక్క వేసిన ముడి. ఆ బొమ్మను ఇంకో లేయరుగా తన చారల మీద పరిచి కలిపేసరికి, తెర మీద చెయ్యి పెడితే గరుకు తగులుతుందేమో అనిపించింది. ఇక పెనుకొండ నుంచి, హిందూపురం నుంచి కూడా చారల ఆల్బం కావాలంటూ మనుషులు రావడం మొదలైంది.

ఆ ఏడే నరసక్క కూతురు హరిత పెళ్ళి హిందూపురంలో జరిగింది. ఖర్చు పెట్టుకున్నది హరిత పెద్దనాయన తిరుపాల్, కాబట్టి పెత్తనమూ ఆయనదే. మొగుడు లేని మనిషి పందిట్లోకి రాకూడదని నరసక్కను వంటశాల దగ్గర కూర్చోబెట్టాడు. కూతురు కట్టుకున్న చీర నేసింది నరసక్కే. ఆ చీర పందిట్లో తిరగొచ్చునట, నేసిన మనిషి తిరగకూడదట! తలంబ్రాలయ్యాక హరిత చరచరా వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకుంది. ఫోటోగ్రాఫరు టక్కున నొక్కాడు. పెళ్ళి మొత్తంలో తల్లి ఉన్న ఫోటో అదొక్కటే.

ఆ పెళ్ళి ఆల్బం పని సుజాత చేతికే వచ్చింది. దాదాపు పూర్తయ్యాక తిరుపాల్ స్టూడియోకు చూడ్డానికి వచ్చాడు. ఆ ఫోటో దగ్గర ఆయన మొహం మాడిపోయింది.

"ఏమ్మా, అల్లునింటోళ్ళు చూస్తే ఏమనుకుంటారు? మా నరసక్కను తీసెయ్."

"తీస్తే ఆడ ఖాళీ పడ్తాది మామా."

"నీ చారలు ఉండాయి కదా! బలే ఉండాయి, అచ్చం పట్టు మాదిరి. వాటితోనే కప్పెయ్."

సుజాతకు రక్తం సలసలా కాగింది. తన అక్క పెళ్ళి ఆల్బంలో అమ్మ ఎక్కడా లేదు. నరసక్కలాగే మొగుడు లేని అమ్మ ఆ రోజంతా తలుపు వెనకే నిలబడింది, చెయ్యి పట్టి లాగినవాళ్ళు లేరు.

"నేను చెయ్యను" అంది.

శివప్రసాద్ గతుక్కుమన్నాడు. "ఆయప్ప దుడ్లు పెట్టినాడు, ఆయప్ప చెప్పింది చెయ్. చెయ్యకపోతే రేపట్నుంచి పనికి రావద్దు."

మరుసటి పొద్దున తిరుపాల్ నరసక్కనే వెంటబెట్టుకొచ్చాడు. ఆమె గడప బయటే నిలబడి, కొంగు భుజాల మీదికి లాక్కుంది.

"తీసెయ్ పాపా. నా వల్ల పిల్లకి మాట రాకూడదు."

తిరుపాల్ మాటకు కోపం వచ్చింది గానీ ఈ మాటకు సుజాతకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

"సరే, తీస్తా. చూడు మామా."

ఫోటో జోలికి పోలేదు. చారల లేయరు పక్కనున్న కన్ను గుర్తు మీద నొక్కి, ఆ లేయరును దాచేసింది. ఫోటోల వెనక పేజీ అంతా తెల్లబడిపోయింది. ఇంకో పేజీ తెరిచి అక్కడా నొక్కింది. ఇంకోటి. బాసికం, తాళి, తలంబ్రాలు, అన్నీ ఉత్త తెలుపులో తేలుతున్నాయి.

"ఏందిది!" అని తిరుపాల్ అరిచాడు. "పెండ్లి ఆల్బమా ఇది? పీనుగకి గుడ్డ కప్పినట్టుండాది!"

"నువ్వు చెప్పినట్టే నరసక్కను తీసినా."

"ఆయమ్మ ఫోటోలో అట్లే ఉండాది కదా!"

"ఫోటోలో ఉండేది ఒక్క తావులోనే మామా. చారల్లో ప్రతి పేజీలోనూ ఉండాది. ఆ పోగులు ఆయమ్మ మగ్గంవి. ఆయమ్మను ఆయమ్మ పోగులతోనే కప్పమంటాండావు, నేను కప్పను. వద్దంటే రెండూ వద్దు. కావాలంటే రెండూ కావాల."

"సుజాతా, లెయ్ ఆ కుర్చీలోంచి!" అన్నాడు శివప్రసాద్.

"లేస్తా అన్నా. నా చారలు గూడా నా వెంబడే వస్తాయి."

శివప్రసాద్ బయటికి చూసి వెనక్కి తగ్గాడు. చారల ఆల్బం కోసం వచ్చిన హిందూపురం వాళ్ళు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు మరి.

ఈ రభసలో నరసక్క గడప దాటింది ఎవరూ చూడలేదు. "యాడ నా పోగులు?" అంటూ తెర దగ్గరికి వచ్చింది. సుజాత కన్ను గుర్తు నొక్కగానే ఎర్ర చారలు, పచ్చ చారలు మళ్ళీ లేచాయి. నరసక్క వేలితో ఒక పోగు వెంబడే పైకి పోయి, ముడి దగ్గర ఆగింది.

"నేనేసిన ముడే" అంది. తర్వాత తిరుపాల్ వైపు తిరిగింది. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆ బావగారికి అప్పటిదాకా తెలియదు.

"బావా, నా బిడ్డ పిలిస్తే నేను పోయినా. దొంగతనంగా పోలేదు."

తిరుపాల్ ఏదో అనబోయాడు. ఆమె వినిపించుకోలేదు. కొంగు విదిలించి, సుజాత పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"నన్ను ఆడనే ఉంచు పాపా" అంది. "ఇంకా రోంత పెద్దది చెయ్."