గొర్రెల మందు సీసా

అంకారావు తన మందను ఒక్క చూపు చూసి ఏది కుంటుతోందో, ఏది మేత మానేసిందో చెప్పేస్తాడు. ఒకదానికి జబ్బు తగిలిందంటే సాయంత్రానికల్లా దొడ్డంతటికీ సూది వేసే మనిషి. తన ఒంటి సంగతికి వచ్చేసరికి ఆ తెలివంతా ఏ గట్టున పెట్టాడో గానీ.

కోతలైన పొలాల్లో ఎరువు కోసం మంద కట్టడానికి నెల్లూరు వైపు పోయినప్పుడు ఒక తప్పు చేశాడు. ఉదయగిరి కొండ కింద తన ఊరికి తిరిగొచ్చిన మూడు వారాలకు, చెప్పుకోలేని చోట ఒక పుండు కనిపించింది. నొప్పి లేదు, అందుకే ఎన్నాళ్ల నుంచి ఉందో కూడా తెలియదు. ఆస్పత్రికి పోతే ఊరంతా గుప్పుమంటుందని, దొడ్డి చూరులో దాచిన గొర్రెల సూదిమందు సగం సీసా తన తొడకే పొడుచుకున్నాడు. పది రోజులకు పుండు మాయమైంది. తనంత డాక్టరు లేడనుకున్నాడు మహానుభావుడు.

పుండు చూసిన రోజు నుంచి మందకు కాపలా అని చెప్పి దొడ్డిలోనే పడుకుంటున్నాడు. భార్య మధులతకు ఇప్పుడు ఆరో నెల.

అరచేతుల్లో ఎర్రటి మచ్చలు లేచాక మాత్రం భయపడి ఆత్మకూరు బస్సెక్కాడు. ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీసుకున్నారు. కౌన్సెలర్ నిరోష తలుపు దగ్గరకు వేసి కూర్చుంది.

"పుండు మానింది గానీ జబ్బు మానలేదన్నా. సిఫిలిస్, రక్తంలోనే ఉండాది. హెచ్‌ఐవీ అయితే ఈరోజుకి లేదు."

"అయితే గండం తప్పినట్టేనా మేడమ్?"

"అప్పుడే అనుకోవద్దు. పుండున్న చోట తోలు తెగి ఉంటాది. హెచ్‌ఐవీ వచ్చే పనైతే దానికి తడిక తీసి పెట్టినట్టే. సోకిన కొత్తలో పరీక్షకు దొరకదు, మూడు నెలలకు మళ్లీ చూడాల. అందాకా కండోమ్ లేకుండా కలవొద్దు. మీ ఇంటామెను రేపే తీసుకురా."

"ఆమెకు మూడో నెల్లో అన్ని పరీక్షలూ చేసినారు. ఏమీ లేదన్నారు. పుండు చూసినప్పట్నుంచి నేను దగ్గరికే పోలేదు."

"చూడకముందో?"

"పోయినాను మేడమ్," అన్నాడు అంకారావు.

"ఈ జబ్బు కడుపులో బిడ్డకు పోతాదన్నా. ఆమెకు పుండు లేస్తే ఆమెకూ హెచ్‌ఐవీ భయమే. తొందరగా సూదులు పడితే బిడ్డను కాపాడుకోవచ్చు."

తన వంతు సూది వేయించుకుని తిరుగు బస్సెక్కాడు. చెప్తే మధులత కొండాపురంలో పుట్టింటికి పోతుంది. చెప్పకపోతే బిడ్డ దక్కదు. ఊరు దగ్గరపడేసరికి పిరికివాడి ఉపాయం ఒకటి తట్టింది. రక్తం తక్కువగా ఉందేమో చూపిద్దామని తీసుకుపోతే సరి, జబ్బు పేరు నిరోషే చెప్పుకుంటుంది. ముందు ఆ సీసా కనపడకుండా చెయ్యాలి.

దొడ్డిలోకి పోయి చూరులో చెయ్యి పెట్టాడు. సీసా ఉంది. అందులో చుక్క మందు లేదు. తను సగం మిగిల్చాడు. ఈ నెలలో ఒక్క గొర్రెకూ జబ్బు చెయ్యలేదు.

మధులత తొట్లో నీళ్లు పోస్తోంది. అతని చేతిలో సీసా చూసి బిందె దించింది.

"మందేమైంది?" అని అడిగాడు అంకారావు.

"నేను వేసుకున్నా మామా."

"నీకేమైంది?"

"పుండు లేచింది. నొప్పి కూడా లేదు, ఏందో తెలియదు. నువ్వు చూస్తే నన్ను అనుమానిస్తావని భయం. నువ్వు దొడ్డిలో పడుకోను మొదలుపెట్టినాక, కనిపెట్టేసినావనే అనుకున్నా. నెల రోజులుగా తిండి సయించలా."

ఏ పాపం ఎరగని మనిషి అంకారావు కళ్లకు భయపడి నెల రోజులు దాక్కుంది. అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మే మధులతా, అది నేను తెచ్చిందే," అన్నాడు. పొలాల దగ్గర చేసిన తప్పు నుంచి నిరోష చెప్పిన మూడు నెలల గడువు దాకా ఏదీ దాచలేదు.

మధులత పొట్ట మీద చెయ్యి వేసుకుని గొర్రెల వైపు చూసింది.

"ఒకదానికి తగిలితే దొడ్డంతటికీ సూది వేస్తావే మామా. నేను గొర్రెపాటి చెయ్యలేదా?"

ఆమె ఖాళీ సీసా అతని చేతిలోంచి తీసుకుని, డాక్టరుకు చూపించాలని కొంగున ముడేసుకుంది.

"ఆత్మకూరుకు తొలి బస్సు ఎన్నింటికి?" అంది.