ఎనిమిదో చెవి

"నా సబ్బు నువ్వెందుకు ముట్టుకున్నావే?"

"దాన్ని సబ్బంటారా అక్కా? గోరంత ఉంది. కంట్లో పడితే నలక అనుకునేదాన్ని."

"నలకో, నారికేళమో. నాది. పరాయి సొమ్ము ముట్టిన చెయ్యి పడిపోతుంది, చూసుకో."

"నా చెయ్యి సంగతి సరే, నీ చెయ్యి జాగ్రత్త. మర పిడి నా చేతిలో ఉంటుంది, మర్చిపోకు!"

కిటికీ కింద ఆడవాళ్లందరూ ఘొల్లున నవ్వారు. వంటింట్లో కూర కలుపుతున్న నాకూ నవ్వు ఆగలేదు.

మా వంటింటి కిటికీ ఉతుకుడు షెడ్డు మీదికి తెరుచుకుంటుంది. మా ఆయన ఆ షెడ్డుకి సూపర్‌వైజరు. మేముండే ఇల్లు షెడ్డు యజమానిది. ఊళ్లోని పెద్దాసుపత్రి దుప్పట్లు, తెరలు, రోగుల బట్టలు అన్నీ ఆ షెడ్డులోనే ఉతుకుతారు. పోట్లాడుకుంటున్న ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. పెద్దామె, చిన్నామె అనే అందరూ పిలిచేవారు. ఇంట్లో ఒకే గది, ఒకే పొయ్యి. షెడ్డులో ఇద్దరూ బట్టలు పిండేది ఒకే మర మీద. పెద్దామె తడి బట్ట అందిస్తుంది, చిన్నామె పిడి తిప్పుతుంది. పొద్దున తగువు పెట్టుకోకపోతే వాళ్లకు పని సాగదు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చినప్పుడు ఆ తగువంతా గొంతులు మార్చి మరీ వినిపించాను. చదువుకునే రోజుల్లో కాలేజీ నాటకాల్లో వేసేదాన్ని. "మర పిడి నా చేతిలో ఉంటుంది" అన్న మాట దగ్గర ఆయనకు పొలమారింది. మా అత్తగారు మాత్రం నవ్వలేదు.

"ఆ షెడ్డులో చేతుల మీద హాస్యాలు ఆడకూడదే అమ్మాయీ," అంది.

అత్తగారు ఇరవై ఏళ్లు అదే షెడ్డులో మర తిప్పింది. ఆమె కుడిచేతి నడిమివేలికి గోరు లేదు. ఆ మర తిప్పిన కూలితోనే కొడుకుని చదివించింది. ఆ కొడుకే ఇప్పుడు సూపర్‌వైజరు.

ఆ మర గురించి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒక ఇనుప చట్రం. అందులో ఒకదాని మీద ఒకటిగా రెండు రబ్బరు రోలర్లు. పక్కన చేత్తో తిప్పే పిడి. రోలర్ల సందులో తడి దుప్పటి అంచు పెట్టి పిడి తిప్పితే నీళ్లన్నీ ఇవతల తొట్టిలోకి కారిపోయి, దుప్పటి అవతల అట్టలా బయటికి వస్తుంది. పైన ఒక స్క్రూ ఉంటుంది. రోలర్లు ఎంత గట్టిగా నొక్కుకోవాలో అది చెబుతుంది. ఆ స్క్రూ నెత్తిన, పట్టుకుని తిప్పడానికి సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఇనుప ముక్క ఒకటి తగిలిస్తారు. దాన్నే చెవి అంటారు. బరువైన కంబళి వస్తే చెవి ఒక చుట్టు వదులు చేస్తారు. వేలు చిక్కితే నాలుగు చుట్లు తిప్పి రోలర్లు ఎత్తేస్తారు. మా అత్తగారికి గోరు మాత్రమే పోయి చెయ్యి మిగిలిందంటే ఆ చెవి వల్లే.

మొన్నటి వానాకాలం దుప్పట్లు ఆరడం లేదని ఎనిమిది మరల స్క్రూలూ చివరంటా బిగించమన్నాడు యజమాని. బిగించాక చెవులు తీసేయమన్నాడు. చెవులుంటే ఆడవాళ్లు వదులు చేసుకుంటారట. వాన వెలిసింది. చెవులు తిరిగి రాలేదు. ఆడవాళ్లు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ "చూద్దాం" అన్నాడు.

ఆ రోజే, నాలుగు కొట్టే వేళ, కింద కేక వినిపించింది. మామూలు కేక కాదు. కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

పెద్దామె చెయ్యి మణికట్టు దాకా రోలర్ల మధ్య ఉంది. కంబళి మడతతో పాటు లోపలికి పోయింది. చిన్నామె పిడి వదిలేసి, పై స్క్రూని పది వేళ్లతో పట్టుకుని పీకుతోంది. నున్నటి ఇనుప కడ్డీ అది, సబ్బు చేతులకు పట్టు దొరకడం లేదు. పక్క మరల వాళ్లు వచ్చి పళ్లతో పట్టారు, చీరకొంగు చుట్టి పట్టారు. అది కదల్లేదు.

నేను మెట్లు దిగుతున్నాను. మా ఆయన ఎదురొచ్చి, నన్ను పక్కకు నెట్టి, ఇంట్లోకి పరుగెత్తాడు. మనిషి నలిగిపోతుంటే ఈయన ఇంట్లో దాక్కోవడానికి పోతున్నాడు అనుకున్నాను. ఆ మెట్టు మీద ఆయన్ని అసహ్యించుకున్నాను.

"వెనక్కి తిప్పవే," అంటోంది పెద్దామె. గొంతు లేదు, పెదాలే ఆడుతున్నాయి.

"అక్కా, చెయ్యి మళ్లీ నలుగుతుందే!"

"నలగనీ. తిప్పు. నేను చెబుతున్నాగా. నా తల్లివి కదూ, తిప్పు."

చిన్నామె కళ్లు మూసుకుని పిడి వెనక్కి తిప్పింది. ఒక్క చుట్టు. ఆ చుట్టుకి పట్టినంత కాలం నా జన్మలో మరి దేనికీ పట్టలేదు.

ఆసుపత్రిలో చెయ్యి మోచేతి కింద తీసేశారు. నేను చూడ్డానికి వెళ్లేసరికి పెద్దామె ఒళ్లు కాలిపోతోంది. ఎడమచేత్తో పక్క మీది దుప్పటి అంచు తడుముతోంది.

"ఇది మనదేనమ్మా. ఈ మూల చిరుగు నేనే కుట్టాను," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "చిన్నదాన్ని ఎవరూ ఏమీ అనకండి. తిప్పమన్నది నేనే."

నాలుగో రోజు తెల్లవారుజామున గాయం కుళ్లి, ఒంటికి విషం ఎక్కి చనిపోయింది.

దహనం అయిన మర్నాడు షెడ్డులో నలభై మంది ఆడవాళ్లు తొట్లు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. నేను మెట్ల మీద నిలబడ్డాను. డిగ్రీ చదివిన నాకు మెట్టు దిగి వాళ్ల పక్కన కూర్చోవడానికి ఆ పూట కూడా కాళ్లు రాలేదు. దాచుకోను, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

"చెవులు వచ్చేదాకా మర ముట్టొద్దు," అంది ఒకామె. గొంతు నాలుగు వీధులకు వినిపిస్తుందని ఆమెను గంట అనేవారు.

"మర ముట్టకపోతే ఆసుపత్రిలో రోగులు దేని మీద పడుకుంటారే? నిన్నటిదాకా మనది కూడా అక్కడే పడుకుంది."

"అందుకే ఉతుకుదాం. మర మీద మాత్రం పిండొద్దు."

"మరి?"

"చేతుల్లేవా నీకు?"

ఇద్దరు లేచారు. తడి దుప్పటి చెరో కొస పట్టుకుని, ఒకామె కుడికి, ఒకామె ఎడమకి మెలితిప్పారు. దుప్పటి తాడులా బిగుసుకుని నీళ్లు ధారగా కారాయి. ఇంకో ఇద్దరు లేచారు. చూస్తుండగా ఇరవై జతలు. ఎనిమిది మరలు ఎండిపోయి నిలబడ్డాయి. నలభై మందీ జతలు కాగా మిగిలిన చిన్నామెతో జత కట్టడానికి మనిషి లేదు. గంట తన జతను వదిలి ఆమె దగ్గరికి వెళ్లి దుప్పటి కొస అందుకుంది.

సాయంత్రానికి సగం దుప్పట్లే తయారయ్యాయి. అవీ సగం తడివి. యజమాని వచ్చాడు. వెంట పోలీసాయన ఉన్నాడు.

"మరలో లోపం లేదు. చెవులనేవి ఈ మరలకు మొదటినుంచీ లేవు," అన్నాడు యజమాని. "ఇది కుటుంబ కక్ష. ఆ రోజు పొద్దున సబ్బు కోసం పోట్లాడుకున్నారు. 'నీ చెయ్యి జాగ్రత్త, పిడి నా చేతిలో ఉంటుంది' అని ఈ చిన్నది బెదిరించింది. చెప్పింది మా సూపర్‌వైజరే."

మెట్ల మీంచి నేనూ విన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వెళ్లిందో నాకు తెలుసు. నా నోటినుంచి, నేను వడ్డించిన కంచం దగ్గరనుంచి.

"పోట్లాడుకున్నారా లేదా?" అన్నాడు పోలీసాయన.

"పోట్లాడుకున్నారు," అంది గంట. "నేనూ ఇవాళ పొద్దున మా అత్తతో పోట్లాడాను. దువ్వెన కోసం. నీ జుట్టు ఊడిపోను అన్నాను. రాసుకోండి."

"నేను మా ఆడబిడ్డతో, చెంబు కోసం. బావిలో పడి చావమన్నాను. మాకు బావే లేదు. అదీ రాసుకోండి."

"నేను ఇదుగో దీంతోనే. నా చెప్పులు వేసుకుపోయింది. కాళ్లు విరగ్గొడతానన్నాను. చూడండి, నా చెప్పుల్తోనే నిలబడింది!"

"మా ఆయన్ని రోజూ చంపుతానంటాను సారూ. ఆయన లావైపోతున్నాడు."

షెడ్డంతా ఒకేసారి మాట్లాడుతోంది. పోలీసాయన కలం ఆపేశాడు. చావు జరిగిన రెండో రోజున ఆ ఆడవాళ్లు నవ్వుతున్నారు. కళ్లలో నీళ్లు కారుతుండగానే నవ్వుతున్నారు. చిన్నామె ఒక్కతే నవ్వలేదు. ఆమె చేతుల్లో దుప్పటి కొస ఇంకా మెలిపడే ఉంది.

"చెవులున్నాయంటారుగా. చూపించండి," అన్నాడు యజమాని నెమ్మదిగా. "ఒక్కటంటే ఒక్కటి."

నవ్వులు ఆగిపోయాయి. చెవులు ఎక్కడున్నాయో ఆ ఆడవాళ్లెవరికీ తెలియదు. చిన్నామెను జీపు ఎక్కించారు. నలభై మందీ వెనకే వీధి మలుపు దాకా పరుగెత్తారు. ఆమె పొద్దున ఆరేసుకున్న రవిక తీగ మీదే ఉండిపోయింది. గోడ మీద పెద్దామె సబ్బు ముక్క ఎండి, బీటలు వారి, అలాగే ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు.

మర్నాడు పది గంటలకు మా ఆయన స్టేషనుకు వెళ్లి ఆ తగువు గురించి సాక్ష్యం రాసి సంతకం పెట్టాలి. పొద్దున్నే తెల్లచొక్కా తీశాడు. పై గుండీ లేదు. మా బట్టలూ షెడ్డులోనే ఉతుకుతారు, మర రోలర్లు గుండీలను పగలగొట్టేస్తాయి.

"గుండీ కుట్టు," అన్నాడు. నా ముఖం చూడలేదు.

గుండీల కోసం అటక మీది పాత డబ్బాలు దింపాను. ఒక డబ్బా అనుకోనంత బరువుంది. మూత తీస్తే గోనెగుడ్డలో చుట్టిన ఇనుప ముక్కలు. రెక్కల్లా ఉన్నాయి. ఏమిటో తెలియక అత్తగారి ముందు పెట్టాను.

ఆమె ఒకటి తీసి గోరు లేని వేలితో నిమిరింది.

"చెవులే ఇవి," అంది. ఒక్కొక్కటే నేల మీద పేర్చింది. "ఏడు. మరలు ఎనిమిది కదే?"

నేను గుండీ కుట్టలేదు. వంట చేశాను. మూడు కంచాలు పెట్టాను. మా ఆయన బనీనుతో వచ్చి కూర్చున్నాడు. అన్నం వడ్డించి, కంచాల మధ్య ఆ డబ్బా పెట్టాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"వీటిని కాలవలో పారేయమన్నాడు," అన్నాడు చివరికి. "పారేయలేకపోయాను."

"తిరిగి బిగించనూ లేకపోయావు," అంది అత్తగారు.

ఆయన కంచం కాస్త వెనక్కి జరిపాడు.

"ఏమండీ," అన్నాను. "ఆ రోజు తగువు మీకు చెప్పింది నేను. నవ్వుకోవడానికి చెప్పాను. దాన్ని మీరు ఆయన చేతిలో పెట్టారు. ఇవాళ పది గంటలకు స్టేషనుకు నేను వస్తున్నాను. ఆ తగువు ఎలా జరిగిందో, ఎవరెలా నవ్వారో, పెద్దామె ఆసుపత్రిలో నాతో ఏమందో అన్నీ చెబుతాను. ఈ డబ్బా తీసుకొస్తాను. దారిలో షెడ్డు ముందు ఆగుతాను. వాళ్లందరూ నాతో వస్తారు. మీరు ఏం సంతకం పెడతారో మీ ఇష్టం."

"సాయంత్రానికి ఈ ఇల్లు ఖాళీ చేయమంటాడు."

"చేద్దాం."

"నా ఉద్యోగం పోతుంది. చెవులు దాచినవాణ్ని నేనేనని నన్నే లోపల వేస్తారు."

"వేయొచ్చు," అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఓదార్పు లేదు.

కిటికీలోంచి దుప్పట్లు పిండుతున్న చప్పుడు వస్తోంది. మర చప్పుడు కాదు. నీళ్లు ధారగా రాతి మీద పడే చప్పుడు. ఆయన అది విన్నాడు. తర్వాత లేచి, కొయ్యకు తగిలించిన ఖాకీ పాంటు జేబులో చెయ్యి పెట్టాడు. ఎనిమిదో చెవి తీసి కంచం పక్కన పెట్టాడు. అది మిగతావాటిలా తుప్పు పట్టలేదు. చేతి చెమటకి నల్లగా నిగనిగలాడుతోంది.

"దీనికోసమే ఆ రోజు ఇంట్లోకి పరుగెత్తాను," అన్నాడు. "డబ్బా దింపి, మూట విప్పి, కిందికి వచ్చేసరికి చిన్నామె పిడి వెనక్కి తిప్పేసింది. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే..."

నేను లేచి వెళ్లి, మెట్ల మీద నన్ను నెట్టిన ఆ భుజం మీద చెయ్యి వేయలేదు. ఆ నిమిషం ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. అది వానాకాలం నుంచీ మా అటక మీదే ఉంది.

అత్తగారు ఎనిమిదో చెవిని తీసి డబ్బాలో వేసింది. మూత బిగించింది. డబ్బా తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నేను మోస్తాను. షెడ్డు వాళ్లకు నేను తెలుసు," అంది. తర్వాత కంచం నా వైపు జరిపింది. "ఇంకాస్త అన్నం పెట్టు అమ్మాయీ. స్టేషను దాకా నడవాలి కదా."

గుండీ లేని చొక్కా తొడుక్కుని మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, మేం తినేదాకా.