జాజి పేరు

ఉలిగప్ప గొర్రెలకు కంచె ముళ్లు గీరుకోవు. పొద్దున్నే అతని తల్లి వెంకటక్క దొడ్డి బయట నిలబడి ఒక్కొక్కదాన్నీ పేరుతో పిలుస్తుంది. పిలిచిన గొర్రె నేల విడిచి లేచి, ముళ్లకంప మీదుగా తేలి వచ్చి ఆమె ముందు దిగుతుంది. పేరు పెట్టిన మనిషి గొంతుకే అవి లేస్తాయి. అందుకే ఈమధ్య పుట్టిన గొర్రెపిల్లలకు కోడలు నీలావతి పేర్లు పెడుతోంది. అత్తకు మతిమరుపు ముదురుతోంది మరి.

“పులుసులో ఉప్పేసినానా పాపా?”

“ఏసినావత్తా. మళ్లా ఏసినావు. ఇంక గొర్రెలకు నాకించాల్సిందే.”

“ఇప్పుడే కదమ్మా చెప్పింది!” అని ఉలిగప్ప కసిరాడు. వెంకటక్క నవ్వేసింది. పడుకోబోయే ముందు మాత్రం గొర్రెల పేర్లన్నీ లోలోపల వల్లించుకుంటుంది.

అమ్మబోయే గొర్రెకు పేరు దించడం వాళ్ల ఆచారం. చెవికి పసుపు రాసి, “ఇంక నిన్ను పిలవం” అని చెప్తారు. మళ్లీ పిలిస్తే అది ఇంటిదైపోతుంది, అమ్మడానికి లేదు. ఒక ఆదివారం ఎర్రగొర్రె జాజికి వెంకటక్కే పేరు దించింది. పెనుకొండ వ్యాపారి చిన్నప్పకు ఉలిగప్ప మాట ఇచ్చేశాడు.

మరునాడు మంద పరిగి దగ్గర జయమంగళి ఏటి ఒడ్డున, ఎరువు కోసం ఒక రైతు ఆపుకున్న చేలో ఉంది. పైన చెరువు కట్ట తెగింది. మధ్యాహ్నానికి చేనంతా నీళ్లు. వెంకటక్క గట్టు మీద నిలబడి పిలిచింది.

“నల్లీ! బూడిదా! కొమ్ములోడా!”

గొర్రెలు వరద మీదుగా తేలి వచ్చి గట్టున గడ్డి కొరకసాగాయి. పిల్లలను నీలావతి పిలిచింది. పేరు దించిన జాజి ఒక్కటే మిగిలింది. దాని కడుపుదాకా నీళ్లొచ్చాయి. ఉలిగప్ప తుండు నడుముకు బిగించాడు.

“యాడికి పోతాండావు? నీకేమన్నా అయితే?” అంది నీలావతి.

“పేరు దించినాక అది చిన్నప్పది. పరాయి జీవాన్ని మునగనిస్తామా?”

వెళ్లి మెడ పట్టుకున్నాడు గానీ వరద కాళ్లు లాగేసింది. గొర్రె, మనిషి కలిసి కొట్టుకుపోసాగారు. నీలావతి పిలవబోయి ఆగింది. జాజికి పేరు పెట్టింది ఆమె కాదు. వెంకటక్క నొసటికి చెయ్యి అడ్డం పెట్టి చూసి, రోజూ పిలిచినట్టే పిలిచింది.

“జాజీ, రావే!”

జాజి లేచింది. మెడకు వేలాడుతూ ఉలిగప్పా లేచాడు. కాళ్లు నీళ్లలో ఈడ్చుకుంటూ వచ్చి గట్టున పడ్డాడు.

మంద ఇల్లు చేరి, చిన్నప్ప బండి వచ్చేసరికి జాజి దొడ్డి కంప దాటి దిగుతోంది.

“పిలిచేసినారా?” అన్నాడు.

“పిలిచినాం,” అన్నాడు ఉలిగప్ప.

చిన్నప్ప బండి తిప్పుకుని పోయాడు.

సాయంత్రం జాజిని నిమురుతూ వెంకటక్క ఆగింది. చెవి లోపల పసుపు ఇంకా ఉంది. ఆమె మొహం పాలిపోయింది.

“ఏమప్పా, దీనికి పేరు దించినామా? మరిచిపోయి పిలిచినానా?”

ఉలిగప్ప తడి తుండుతో ఆ చెవి తుడిచాడు.

“లేదమ్మా. దించలేదు.”